రథం బొమ్మను చూసి అది దేనికి వాడినదో పోల్చుకోవడం ఎలా?

మీ దగ్గర కొత్త యాభై రూపాయల నోటు ఉంటే ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. దాని మీద ఉన్న హంపి రాతిరథాన్ని చూసి, రాయల కాలంలో ఇలాంటి రథాలెక్కి యుద్ధాలు చేసేవారని అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. నిజానికి అది రథం ఆకారంలో విఠలాలయం ఎదుట గరుత్మంతుడికి కట్టిన చిన్న గుడి. ముందు నిలబడిన ఏనుగులు కూడా మొదట అక్కడ ఉన్నవి కావు. వాటి వెనక గుర్రాల కాళ్ల, తోకల ఆనవాళ్లు కనిపిస్తాయి. పౌరాణిక చిత్రాలు మన కళ్లకు అలవాటు చేసిన రథం వేరు, ప్రాచీన కాలంలో నేల మీద తిరిగిన రథం వేరు. మ్యూజియంలోనో, పుస్తకంలోనో రథం కనిపించినప్పుడు ఏ వరుసలో చూస్తే దాని పని తెలుస్తుందో ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట చక్రం చూడండి

చూపు ముందుగా గుర్రాల మీదికో వీరుడి మీదికో పోతుంది. దాన్ని చక్రం మీదికి తిప్పండి. చక్రం పలకలు కలిపి చేసిన నిండు బిళ్ల అయితే బండి బరువైనది, నెమ్మదైనది. మన ఊళ్లలో రథోత్సవానికి లాగే తేరు చక్రాలను గుర్తు తెచ్చుకుంటే విషయం తేలిగ్గా బోధపడుతుంది: కదిలించడానికి వందల చేతులు కావాలి, ఆపడానికి చక్రం కింద చెక్క దిమ్మ పెట్టాలి. ఇరాక్‌లోని ఊర్ నగరపు సమాధుల్లో దొరికి, ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న బొమ్మలు పొదిగిన పెట్టె మీద క్రీ.పూ. 2500 నాటి నాలుగు చక్రాల యుద్ధబండ్లు కనిపిస్తాయి. అవన్నీ నిండు చక్రాలవే. శత్రువుల శవాల మీదుగా అవి పరుగెత్తుతున్నట్టు చిత్రకారుడు చూపించినా, చురుగ్గా మలుపు తిరగడం మాత్రం వాటి వల్ల అయ్యే పని కాదు.

చక్రానికి ఆకులు, అంటే నడుమ నుంచి అంచుకు పోయే కర్రలు, ఉంటే కథ మారుతుంది. రష్యాలో ఉరల్ పర్వతాల దక్షిణాన సింతాష్టా సంస్కృతి వారి సమాధుల్లో, సుమారు క్రీ.పూ. 2000 నాటి ఆకుల చక్రాల అచ్చులు మట్టిలో మిగిలాయి. ఆకులు వచ్చాక బరువు తగ్గి, గుర్రం పరుగు బండికి కూడా వచ్చింది. 2018లో ఉత్తరప్రదేశ్‌లోని సినౌలీలో బయటపడిన బండ్లను రథాలనాలా, ఎడ్లబండ్లనాలా అన్న వాదం ఇంకా సాగుతున్నదంటే కారణం ఇదే: రాగి ముక్కలు పొదిగి ఉన్నా వాటి చక్రాలు నిండు చక్రాలే.

తరువాత ఇరుసు ఎక్కడుందో చూడండి

ఈ మెట్టు దగ్గర కాస్త ఆగాలి. ఈజిప్టు రథంలో ఇరుసు పీఠానికి వెనక అంచున ఉంటుంది. నిలబడిన వారి బరువులో కొంత నొగ మీదుగా కాడికి, అక్కడి నుంచి గుర్రాల మీదికి పోతుంది. బండి వేగంగా మలుపు తిరిగినా తిరగబడదు. ఇరుసు పొడవు చూస్తే చక్రాలు పీఠానికి దూరంగా, బారచాచినట్టు ఉంటాయి. అదీ మలుపుల కోసమే.

ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధి 1922లో తెరుచుకున్నప్పుడు అందులో ఆరు రథాలు దొరికాయి. ఇరుకు దారిలో పట్టక, వాటిని లోపల పెట్టినవారే ఇరుసులను రంపంతో కోసేశారు. వాటి చక్రాలలో ఒక్కొక్కదానికి ఆరు ఆకులు. ఆ ఆకు చేసిన తీరు చూస్తే మన బండి వడ్రంగి కూడా ముచ్చటపడతాడు: కర్రను వంచి కోణంలా చేస్తారు, అలాంటి ఆరు కోణాలను వీపుకు వీపు ఆనించి జిగురుతో అంటిస్తారు, కనుక ప్రతి ఆకు రెండు సగాల కలయిక అవుతుంది. దాని మీద పచ్చితోలు తడిగా చుడితే, ఆరేకొద్దీ అదే బిగుసుకుంటుంది. పీఠంలో పలక ఉండదు. నులకమంచంలా తోలుపట్టీలు అల్లి ఉంటాయి. స్ప్రింగు లేని బండిలో విల్లు ఎక్కుపెట్టి నిలబడేవాడికి ఆ అల్లికే స్ప్రింగు. ఇంత తేలికగా కట్టిన బండి శత్రువుల బారును గుద్దడానికి కాదు, బాణాలు వేస్తూ చుట్టూ తిరగడానికని ఇప్పుడు మీకే అర్థమవుతుంది.

ఎందరు ఎక్కారో లెక్కపెట్టండి

ఇద్దరుంటే ఒకడు సారథి, ఒకడు విలుకాడు. సుమారు క్రీ.పూ. 1274లో సిరియాలోని కాదేషు దగ్గర ఈజిప్టు రాజు రెండవ రామ్సెస్‌తో తలపడిన, ఇప్పటి టర్కీ ప్రాంతపు హిట్టైట్‌ల రథాలలో ముగ్గురేసి కనిపిస్తారు. మూడోవాడు డాలు పడతాడు. అస్సీరియా రాజు అషుర్‌బనిపాల్ సింహాల వేట శిల్పాలలో, క్రీ.పూ. ఏడో శతాబ్దానికి, ఎనిమిది ఆకుల పెద్ద చక్రాల మీద నలుగురు నిలబడ్డారు. అక్కడ బోనులోంచి వదిలిన సింహాన్ని రాజు చంపుతుంటే వెనక ఉన్నవారు ఆయనను కాపాడుతుంటారు. అది యుద్ధం కాదు, రాచవినోదం.

ఒక్కడే ఉంటే రెండు అర్థాలు. రామ్సెస్ ఒంటరిగా, పగ్గాలు నడుముకు చుట్టుకుని బాణాలు వేస్తున్నట్టు ఉన్న శిల్పం రాజు గొప్ప చెప్పుకోవడానికి చెక్కించినది. దాన్ని సాక్ష్యంగా తీసుకోకండి. అదే రోమ్ పందెపు సారథి విషయంలో మాత్రం పగ్గాలు నడుముకు చుట్టుకోవడం అక్షరాలా నిజం. బండి బోల్తాపడితే కోసుకుని బయటపడడానికి వాడి దగ్గర కత్తి ఉండేది. రోమ్‌లోని పందెపు మైదానం సర్కస్ మాక్సిమస్‌లో ఏడు చుట్లు తిరిగే ఆ పందేలలో గాయస్ అపులేయస్ డయోక్లిస్ అనేవాడు 4,257 సార్లు పాల్గొని 1,462 సార్లు గెలిచాడని శాసనం చెబుతుంది.

గ్రీకు పందెంలో కిరీటం తోలినవాడికి కాదు, గుర్రాల యజమానికి దక్కేది. అందుకే మైదానంలోకి ఆడవారిని రానివ్వని ఒలింపిక్స్‌లో స్పార్టా రాజకుమార్తె కినిస్కా క్రీ.పూ. 396లో, మళ్లీ 392లో నాలుగు గుర్రాల రథపందెం గెలిచింది.

కాడికి కట్టినదేమిటో గమనించండి

ఊర్ పెట్టె మీది జంతువులు గుర్రాలు కావు. ఆ కాలంలో బండ్లకు కుంగా అనే సంకరజాతిని కట్టేవారు. సిరియాలో దొరికిన కుంగా ఎముకల డి.ఎన్.ఎ.ను పరీక్షించినప్పుడు తల్లి గాడిద, తండ్రి అడవిగాడిద అని 2022లో తేలింది. గుర్రాలు వచ్చాక వాటికి శిక్షణ ఒక శాస్త్రమైంది. సిరియా ఉత్తరాన ఉన్న మితాని దేశపు గుర్రాల శిక్షకుడు కిక్కులి రాయించిన అశ్వశిక్షణ పలకల్లో ‘ఐక’, ‘తేర’, ‘పంజ’, ‘సత్త’, ‘నావ’ అనే అంకెలకు ‘వర్తన్న’ చేర్చి చుట్లు లెక్కించారు. ఏక, త్రి, పంచ, సప్త, నవ అని తెలిసినవారికి వేరే అనువాదం అక్కర్లేదు.

చివరగా, నేల ఎలాంటిదో అడగండి

బొమ్మలో నేల తరచుగా ఉండదు, కానీ రథానికి సగం బలం అదే. కర్ణుడి చక్రం కుంగిన కథ విన్నవారికి ఇది చెప్పనవసరం లేదు. క్రీ.పూ. 331లో గౌగమేల దగ్గర పర్షియా రాజు మూడవ డరయస్ తన కొడవళ్లు బిగించిన రథాల కోసం మైదానాన్ని ముందే చదును చేయించాడు. అలెగ్జాండర్ సైనికులు బారుల మధ్య దారులు వదిలి వాటిని వెనక్కి పోనిచ్చారు. బ్రిటన్ వారు, రోమన్ సేనాని సీజర్ చూసిన లెక్క ప్రకారం, రథంలో వచ్చి ఈటెలు విసిరి, దిగి కాలినడకన పోరాడేవారు, సారథి కాస్త ఎడంగా బండితో కాచుకునేవాడు. క్రీ.పూ. 326లో అలెగ్జాండర్‌తో పోరస్ పోరుకు ముందు జీలం ఒడ్డున రాత్రి వాన కురిసింది. పోరస్ కొడుకు ముందుగా తీసుకొచ్చిన రథాలు బురదలో కూరుకుపోయి శత్రువుల చేతికి చిక్కాయి. ఆ కబురు విన్న పోరస్, మిగిలిన రథాలతో బయలుదేరి, బురద లేని గట్టి ఇసుక నేల కనిపించేదాకా సైన్యాన్ని నిలపలేదు.