నెగటివ్‌ల స్కానింగ్‌కు సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం: ఒకే పని రెండుసార్లు చేసిన అనుభవంతో

నాన్న తీసిన నెగటివ్‌లు మా ఇంట్లో ముప్పై ఎనిమిది రోల్స్ ఉన్నాయి. వాటితో పాటు ఒక అట్టపెట్టె నిండా ప్రింట్లు. స్కానర్ కొన్న ఉత్సాహంలో మొదటి పదకొండు రోల్స్‌ను మూడు వారాల్లో ముగించాను. స్కానర్‌తో పాటు వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో ‘ఆటో’ నొక్కడం, వచ్చిన జేపెగ్‌ను దాచుకోవడం, అంతే. తరువాత ఒక రాత్రి అన్నీ వరుసగా తెర మీద పరిచి చూశాను. ఒకే గోడ ముందు, నిమిషాల తేడాతో తీసిన ఆరు ఫొటోల్లో అక్క గౌను ఆరు రంగుల్లో ఉంది. ఒకదానిలో గులాబి, పక్కదానిలో నీలిఛాయ. పదకొండు రోల్స్ మళ్లీ మొదటి నుంచి చేశాను.

అందుకే ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని ఎవరైనా అడిగితే వెంటనే పేరు చెప్పను. రంగు విషయంలో, మరకల విషయంలో అది తీసుకునే నిర్ణయాలను రేపు మార్చుకోనిస్తుందా లేదా అన్నది ముందు చూసుకోమంటాను. మిగతా సౌకర్యాలన్నీ దాని తరువాతే.

మీ స్కానర్‌తో పొసగుతుందా

ఇది త్వరగా తేలిపోయే విషయం. పాత స్కానర్ ఉన్నవారికి మాత్రం ఇదే అసలు చిక్కు. స్కానర్ నిక్షేపంగా ఉంటుంది, దాని సాఫ్ట్‌వేర్ మాత్రం కొత్త కంప్యూటర్‌లో తెరుచుకోదు. 2019లో వచ్చిన మ్యాక్ ఓఎస్ 10.15 నుంచి 32 బిట్ ప్రోగ్రాములు పనిచేయడం ఆగిపోయింది. దానితో ఎన్నో పాత స్కానింగ్ ప్రోగ్రాములు మూలపడ్డాయి. నికాన్ కూల్‌స్కాన్ వంటి మంచి ఫిల్మ్ స్కానర్లు ఇప్పటికీ చేతులు మారుతున్నాయి కాని, వాటి సొంత ప్రోగ్రాము నికాన్ స్కాన్‌ను కంపెనీ ఎప్పుడో వదిలేసింది. ఇలాంటి చోట ఆదుకునేది వ్యూస్కాన్. 1998 నుంచి ఉన్న ఈ ప్రోగ్రాము విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, వేల రకాల స్కానర్లను గుర్తిస్తుంది. మీ దగ్గర ఉన్నది తయారీదారు వదిలేసిన స్కానర్ అయితే ఎంపిక దాదాపు ఇక్కడే ముగిసినట్టు.

రెండో పేరు సిల్వర్‌ఫాస్ట్, జర్మనీలోని లేజర్‌సాఫ్ట్ ఇమేజింగ్ వారిది. దీని లైసెన్సు స్కానర్ మోడల్‌ను బట్టి ఉంటుంది. రేపు వేరే మోడల్ కొంటే లైసెన్సు సంగతి మళ్లీ చూసుకోవాలి. వ్యూస్కాన్‌కు ఆ కట్టుబాటు లేదు. అయితే ఫిల్మ్ స్కాన్ చేయాలంటే దానిలో ప్రొఫెషనల్ ఎడిషనే కావాలి. మామూలు ఎడిషన్ కొని తెల్లబోయిన వాళ్లున్నారు.

మూడోది స్కానర్‌తో ఉచితంగా వచ్చేది. దాన్ని చిన్నచూపు చూడనవసరం లేదు. ఎప్సన్ స్కాన్‌లో ప్రొఫెషనల్ మోడ్ తెరిస్తే, ఆటోను పక్కన పెట్టి చాలా వరకు మన చేత్తో దిద్దుకోవచ్చు. వంద ఫ్రేముల లోపు పని అయితే ముందు దానితోనే నెట్టుకురండి.

రంగును పట్టి ఉంచే తాళం

గౌను ఆరు రంగులు ఎందుకు మారిందో చెబుతాను. కలర్ నెగటివ్‌ను వెలుతురుకు ఎత్తి చూస్తే మొత్తం మీద ఒక నారింజ పొర కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఆ పొరను తీసేసి, రంగులను తిరగేసి, ఏది తెలుపు, ఏది నలుపు అని నిర్ణయించుకోవాలి. ఆటోలో ఈ నిర్ణయం ప్రతి ఫ్రేముకూ విడిగా జరుగుతుంది. ఫ్రేము నిండా పచ్చిక ఉందనుకోండి, ‘పచ్చదనం ఎక్కువైంది’ అనుకుని దాన్ని తగ్గిస్తుంది. పచ్చదనం తగ్గితే గౌను గులాబి రంగుకు తిరుగుతుంది. పక్క ఫ్రేములో పచ్చిక బదులు ఆకాశం ఉంటే దిద్దుబాటు ఇంకోలా ఉంటుంది.

దీనికి మందు ఒకటే. ఒక రోల్‌కు ఒకసారి లెక్క కట్టి, ఆ లెక్కనే రోల్ అంతటికీ వాడాలి. ప్రయత్నించి చూస్తున్న సాఫ్ట్‌వేర్‌లో ఆ వీలు ఉందో లేదో వెతకండి. వ్యూస్కాన్‌లో నేను చేసేది ఇది: రోల్ మొదట్లోనో ఫ్రేముల మధ్యనో బొమ్మ లేని ఖాళీ ఫిల్మ్ ముక్కను ఎంచుకుని ప్రివ్యూ తీస్తాను. ‘లాక్ ఎక్స్‌పోజర్’ మీద టిక్కు పెట్టి మళ్లీ ప్రివ్యూ తీస్తాను. ఆపైన ‘లాక్ ఫిల్మ్ బేస్ కలర్’ మీద టిక్కు. ఇక ఆ రోల్‌లోని ముప్పై ఆరు ఫ్రేములూ ఒకే త్రాసులో తూగుతాయి. మొదటిసారి ఈ వరుస అర్థం కావడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. ఆ ప్రోగ్రాము ముఖం చూస్తే ఎవరికీ ప్రేమ పుట్టదు, ఎక్కడ చూసినా ట్యాబులూ టిక్కులూ. కాని ఆ టిక్కుల్లో ఈ రెండు ఉన్నందుకే నేను దాని వైపు మొగ్గాను.

సిల్వర్‌ఫాస్ట్ దారి వేరు. అందులో నెగాఫిక్స్ అనే అరలో ఫిల్మ్ కంపెనీ, పేరు, వేగం ఎంచుకుంటే ఆ ఫిల్మ్‌కు తగిన లెక్క ముందే సిద్ధంగా ఉంటుంది. ఫిల్మ్ అంచున ఉన్న అక్షరాలను భూతద్దంతో చదివితే సాధారణంగా పేరు దొరుకుతుంది. ఈ పద్ధతి హాయిగా ఉంటుంది, ప్రోగ్రాము చూడటానికీ బాగుంటుంది. అయితే దశాబ్దాల పాటు వేడిలో, తేమలో ఉన్న నెగటివ్‌లో రంగులు ఒకే తీరుగా వెలిసిపోవు. అప్పుడు సిద్ధంగా ఉన్న లెక్క సరిపోక చేతి దిద్దుబాటు తప్పదు.

రా ఫైలు: దీన్ని మాత్రం వదులుకోకండి

రా ఫైలు అంటే స్కానర్ కన్నుకు కనబడింది కనబడినట్టు దాచిన ఫైలు. రంగు తిరగేయడం, మరక తీయడం, పదును పెట్టడం ఏవీ జరగకముందు ఉన్న రూపం అది. వ్యూస్కాన్‌లో దాన్ని టిఫ్‌గా గాని డీఎన్‌జీగా గాని దాచుకోవచ్చు. తరువాత ఎప్పుడైనా స్కానర్ బదులు ఫైలునే మూలంగా చూపిస్తే, నెగటివ్‌ను మళ్లీ ముట్టుకోకుండా కొత్త అమరికలతో ఫొటో తయారవుతుంది. సిల్వర్‌ఫాస్ట్‌లో ఇదే పనికి హెచ్‌డీఆర్‌ఐ అనే రూపం ఉంది. మీరు కొనే ఎడిషన్‌లో అది ఉందా, ఆ ఫైళ్లను తిరిగి తెరవడానికి వేరే ప్రోగ్రాము కొనాలా అన్నది ముందే కనుక్కోండి.

చోటు ఎంత కావాలి? 35 మి.మీ. ఫ్రేము కొలత 24 × 36 మి.మీ. 3,200 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) వద్ద అది దాదాపు 4,500 × 3,000 పిక్సెళ్లు. ఒక్కో రంగుకు 16 బిట్ల చొప్పున దాస్తే 82 ఎంబీ, దుమ్మును పట్టించే ఇన్‌ఫ్రారెడ్ పొర (దాని సంగతి కింద చెబుతాను) కూడా కలిపితే 110 ఎంబీ. నా ముప్పై ఎనిమిది రోల్స్‌కు, రోల్‌కు ముప్పై ఆరు ఫ్రేముల లెక్కన, 150 జీబీ. ఈనాటి హార్డ్ డిస్క్‌కు అది ఒక మూల. ఇక 16 బిట్లే ఎందుకంటే, 8 బిట్లలో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, 16 బిట్లలో 65,536. నెగటివ్‌లో ఉన్న ఇరుకైన శ్రేణిని సాగదీసి మామూలు ఫొటోగా మార్చాలి కదా. మెట్లు తక్కువైతే ఆకాశంలో పట్టీలు పట్టీలుగా చారలు తేలతాయి.

అక్క గౌను లేత పసుపని ఇప్పుడు ఆరు ఫ్రేములూ ఒకే మాట మీద ఉన్నాయి. అక్క మాత్రం అది తెల్లగౌనేనని వాదిస్తుంది. రా ఫైళ్లు ఉన్నాయి కనుక ఆమె కోసం తెల్లగా ఒక ప్రతి తీసి ఇచ్చాను.

దుమ్ము, గీతలు

ఇక్కడ ప్రకటనలను నమ్మితే దెబ్బ తింటాం. ఇన్‌ఫ్రారెడ్ శుభ్రత (డిజిటల్ ఐస్ అన్న పేరు ఎక్కువగా వింటాం) ఒక చక్కని కిటుకు మీద నడుస్తుంది. కలర్ ఫిల్మ్‌లోని రంగులు ఇన్‌ఫ్రారెడ్ కాంతిని దాదాపు అడ్డుకోవు, దుమ్ము అడ్డుకుంటుంది. కాబట్టి ఆ కాంతితో తీసిన బొమ్మలో నల్లగా కనిపించిందల్లా చెత్తే. ఎక్కడ చెరపాలో సాఫ్ట్‌వేర్‌కు పటం గీసి ఇచ్చినట్టే. కాని ఆ కాంతిని పుట్టించే భాగం స్కానర్‌లో ఉండాలి. అది లేని స్కానర్‌కు ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తెచ్చిపెట్టలేదు.

మామూలు నలుపు తెలుపు నెగటివ్‌లకు ఇది పనికిరాదు. వాటిలో బొమ్మ అంటేనే వెండి, ఆ వెండి ఇన్‌ఫ్రారెడ్‌ను కూడా ఆపేస్తుంది. సాఫ్ట్‌వేర్ మనిషి ముఖాన్నే దుమ్ము అనుకుని అలికేస్తుంది. కలర్ రసాయనాల్లో కడిగే ఇల్ఫర్డ్ ఎక్స్‌పీ2 వంటివి మినహాయింపు. కోడాక్రోమ్ స్లైడ్లు ఉన్నవారు కూడా జాగ్రత్తగా ఉండాలి, మామూలు ఇన్‌ఫ్రారెడ్ శుభ్రత వాటి మీద తడబడుతుంది. ఈ రకాల ఫిల్మ్‌కు ఆ అమరికను పూర్తిగా ఆపేసి, గాలి బుడ్డితో, మెత్తని కుంచెతో ముందే దుమ్ము దులపడమే మేలు.

ఇన్‌ఫ్రారెడ్ సాయం లేకుండా ఉత్త అంచనాతో మచ్చలు తీసే ఫిల్టర్లు కూడా ఉంటాయి. ఒకసారి దాన్ని గట్టిగా పెట్టి చూస్తే తాతయ్య కళ్లలోని మెరుపు చుక్కలు మాయమయ్యాయి. నిర్జీవంగా ఉన్న ఆ చూపు చూశాక ఆ మీట జోలికి మళ్లీ వెళ్లలేదు. కృత్రిమ మేధతో ముఖాలను ‘స్పష్టం’ చేసే ఉపకరణాల మీద కూడా నా అభిప్రాయం ఇంతే. అవి లేని కనురెప్పల్ని కూడా గీస్తాయి. అసలు ఫైలు విడిగా ఉంటే ఆడుకోండి, అసలును వాటి చేతికి ఇవ్వకండి.

ప్రింట్ల లెక్క వేరు

ప్రింట్లకు సాఫ్ట్‌వేర్ ఎంపిక చాలా తేలిక. గాజు మీద నాలుగైదు ఫొటోలు పరిస్తే వాటిని విడివిడిగా కత్తిరించి, నిటారుగా నిలబెట్టి, వేరువేరు ఫైళ్లుగా దాచగలగాలి. పెట్టెడు ప్రింట్లు ఉన్నవారికి మిగతా హంగులన్నీ కలిపినా దీని ముందు దిగదుడుపే. తెల్ల అంచు ఉన్న ప్రింట్లతో పరీక్షించండి. స్కానర్ మూత లోపలి భాగం కూడా తెల్లగా ఉండటంతో అంచు ఎక్కడో తెలియక చాలా ప్రోగ్రాములు తప్పు చోట కోస్తాయి. ప్రింట్ల వెనుక ఒక నల్ల కాగితం పెడితే ఆ బాధ చాలా వరకు తీరుతుంది.

4 × 6 అంగుళాల ప్రింటుకు 600 డీపీఐ చాలు, 2,400 × 3,600 పిక్సెళ్లు వస్తాయి. బొటనవేలంత ఫొటోలకు 1,200 పెడతాను. ‘డీస్క్రీన్’ అన్న అమరిక పత్రికల్లో అచ్చయిన బొమ్మల కోసం ఉద్దేశించింది. అసలైన ఫొటో ప్రింట్లకు దాన్ని ఆపేయాలి, లేకపోతే వివరం మసకబారుతుంది. వెలిసిన రంగులకు వ్యూస్కాన్‌లో ‘రిస్టోర్ ఫేడింగ్’, ఎప్సన్ స్కాన్‌లో ‘కలర్ రిస్టరేషన్’ ఉన్నాయి. ఎర్రబారిన ప్రింట్ల మీద రెండూ మొదటి ప్రయత్నంలోనే ఆశ్చర్యపరుస్తాయి, అయితే ఒక్కోసారి చర్మం రంగును మరీ చల్లబరుస్తాయి. ఇంకో మాట: ఫొటో వెనుక రాత ఉంటే దాన్ని కూడా స్కాన్ చేసి, అదే పేరుకు చివర ‘వెనుక’ అని చేర్చి దాచండి.

స్కానర్ లేకుండా

కెమెరాకు మాక్రో లెన్సు (చాలా దగ్గరి నుంచి తీసేది) తగిలించి, వెలుగుతుండే లైట్ ప్యాడ్ మీద నెగటివ్ పెట్టి ఫొటో తీసేవారికి పైన చెప్పిన ప్రోగ్రాముల అవసరం లేదు. కెమెరా ఇచ్చిన రా ఫైలును తిరగేసేది కావాలి. ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ క్లాసిక్ వాడేవారికి నెగటివ్ ల్యాబ్ ప్రో అనే ప్లగిన్ (దానికి తగిలించుకునే అదనపు ప్రోగ్రాము) ఉంది. ఉచితంగా కావాలంటే అలాంటిదే అయిన డార్క్‌టేబుల్‌లో నెగాడాక్టర్ అనే మాడ్యూల్ ఉంది. నేర్చుకోవడానికి ఓపిక కావాలి గాని ఫలితం బాగుంటుంది. వేగం మాత్రం ఈ దారిదే.

కొనే ముందు పరీక్ష

వ్యూస్కాన్, సిల్వర్‌ఫాస్ట్ రెండింటికీ ఉచిత పరీక్ష ప్రతులు ఉన్నాయి. స్కాన్‌ల మీద నీటిముద్ర పడుతుంది కాని, నిర్ణయానికి అది అడ్డు కాదు. అందమైన ఫొటోలు పెట్టి పరీక్షించకండి, అవి ఎందులోనైనా బాగానే వస్తాయి. మీ దగ్గరున్న వాటిలో మొండివాటిని తీయండి: వెలుతురు ఎక్కువై చిక్కగా నల్లబడిన నెగటివ్ ఒకటి, వెలుతురు చాలక పలచబడినది ఒకటి, గీతలు పడిన నలుపు తెలుపు ఒకటి, వెలిసిన ప్రింటు ఒకటి. పదును పెట్టడం, శుభ్రత, రంగు దిద్దుబాటు అన్నీ ఆపేసి స్కాన్ చేయండి. చిక్కటి నెగటివ్‌లో తెల్లచొక్కా మడతలు కనిపిస్తున్నాయా, పలచటి దానిలో చీకటి మూల ఉత్త మచ్చల గోలగా ఉందా అని పూర్తి సైజులో చూడండి.

అదే సమయంలో డీపీఐ సంగతీ తేల్చుకోవచ్చు. ఒకే ఫ్రేమును 2,400, 3,200, 6,400 వద్ద తీసి పోల్చండి. నా ఫ్లాట్‌బెడ్‌లో (గాజు పలక మీద పరిచే రకం స్కానర్‌లో) 3,200 దాటాక కొత్త వివరం ఒక్కటీ రాలేదు, ఫైలు మాత్రం నాలుగింతలైంది. పెట్టె మీద రాసిన అంకె వేరు, గాజు కింద జరిగేది వేరు.

చివరిగా గడియారం పెట్టుకోండి. ఆరు ఫ్రేముల పట్టీని హోల్డర్‌లో అమర్చడం మొదలుకొని ఫైళ్లు డిస్క్‌కు చేరేవరకు ఎంతసేపు? నాకు ఇన్‌ఫ్రారెడ్‌తో కలిపి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. రోల్‌కు ఆరు పట్టీలు, మొత్తం 228 పట్టీలు, అంటే 68 గంటలు. ఆ లెక్క చూశాక ప్రోగ్రాము అందచందాల ఊసు ఎత్తలేదు. పట్టీ పెట్టి, ఒక్కసారి నొక్కి, ఆరు ఫ్రేములూ ముగిసేదాకా ఇంకో పని చూసుకోనిచ్చేది ఏదో అదే తీసుకున్నాను. మీకు నచ్చిన అమరికలు కుదిరాక వాటిని ఒక పేరుతో దాచుకోండి, కలర్‌కు ఒకటి, నలుపు తెలుపుకు ఒకటి, ప్రింట్లకు ఒకటి. నెల రోజుల విరామం తరువాత కూర్చుంటే ఏ టిక్కు ఎక్కడ పెట్టామో గుర్తుండదు.