జిమ్‌కి టైమ్ లేనివాళ్లు రోజుకి అరగంట ఎలా కుదుర్చుకోవాలి
పెద్దవాళ్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క వారానికి కనీసం 150 నిమిషాలు, అంటే ఐదు రోజులు అరగంట చొప్పున వేగంగా నడిస్తే చాలు, అదీ ఒకేసారి నడవక్కర్లేదు, పొద్దున పాల ప్యాకెట్‌కి వెళ్లినప్పుడు పది నిమిషాలు, సాయంత్రం ఒక స్టాప్ ముందే బస్సు దిగి పది, రాత్రి అన్నం తిన్న కాసేపటికి ఇంకో పది. వేగం సరిపోయిందో లేదో తెలియాలంటే, పక్కవాళ్లతో మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి. నేను అరిగిన చెప్పులతో నడిచి మడమ నొప్పి తెచ్చుకున్నాను, దయచేసి మంచి షూస్ వేసుకోండి.

వారానికి రెండు రోజులు కండరాలకీ పని పెట్టాలి, చాలామంది వదిలేసేది ఇదే. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి, గోడకి పుషప్స్ తీయండి. గుండె జబ్బు ఉంటే ముందు డాక్టర్ని అడగండి.