బీజాల్లో సడన్‌గా నొప్పి, వాపు వస్తే: అల్ట్రాసౌండ్ స్కాన్ ఎలా చెయ్యాలి, ఎప్పుడు స్కాన్ కోసం ఆగకూడదు

ఇది క్యాజువాల్టీ డ్యూటీలో ఉండే హౌస్ సర్జన్లకి, రేడియాలజీ పీజీలకి, రాత్రిపూట ఒక్కళ్ళే మెషిన్ దగ్గర ఉండే డాక్టర్లకి రాస్తున్నా. మామూలు జనం చదివినా పర్లేదు, వాళ్ళకి ఒక్కటే మాట: కుర్రాడికి ఉన్నట్టుండి బీజంలో నొప్పి మొదలైతే తెల్లారేదాకా చూద్దాంలే అనుకోకుండా సర్జన్ ఉండే హాస్పిటల్‌కి అప్పుడే తీసుకెళ్ళండి.

ఎందుకింత హడావిడి అంటే టార్షన్. బీజానికి రక్తం తెచ్చే కార్డ్ మెలి తిరిగిపోతే ముందు వెయిన్ మూసుకుంటుంది, తర్వాత ఆర్టరీ. నొప్పి మొదలైన 6 గంటల్లోపు మెలి విప్పితే దాదాపు అందరిలో బీజం బతుకుతుంది, 12 గంటలకి అది సగానికి సగం, 24 గంటలు దాటాక నిలబడేవి చాలా తక్కువ. అందుకే ప్రోబ్ పట్టుకునే ముందే ఒక్క నిమిషం పేషెంట్‌ని చూడండి. బీజం వాచిందా, గట్టిగా ఉందా (వీటికి రెండేసి పాయింట్లు), తొడ లోపలివైపు గీస్తే బీజం పైకి లాగట్లేదా, వాంతులు లేదా వికారం ఉందా, బీజం పైకెక్కి ఉందా (వీటికి ఒక్కో పాయింటు), మొత్తం ఏడుకి లెక్కేసే ఈ ట్విస్ట్ స్కోర్ 5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వచ్చిందంటే స్కాన్ కోసం కూర్చోబెట్టకండి, నేరుగా ఆపరేషన్ థియేటర్‌కే. మధ్యలో ఉన్న స్కోర్లకే మన స్కాన్ నిజంగా పనికొచ్చేది. మండలంలో చూసిన పిల్లాడిని "ముందు టౌన్‌లో డాప్లర్ (రక్తం పారుతోందా అని చూపే స్కాన్) తీయించుకు రండి" అని పంపడం నాకు అస్సలు నచ్చని పని, పోయేది ఆ కుర్రాడి టైమే, పంపితే సర్జన్ ఉన్న చోటికే పంపండి.

ఇంకోటి, 13, 14 ఏళ్ళ పిల్లలు సిగ్గుతో "కడుపు నొప్పి" అనే చెప్తారు, అమ్మానాన్న పక్కనుంటే అసలే నోరు విప్పరు. మగపిల్లాడు పొత్తికడుపు నొప్పి, వాంతులతో వస్తే కింద కూడా చూడాల్సిందే.

సరే, స్కాన్‌కి వద్దాం. ఏం చేస్తున్నామో చెప్పి ఒప్పుకున్నాక, రూమ్‌లో ఇంకో స్టాఫ్‌ని ఉంచుకుని, వెల్లకిలా పడుకోబెట్టి, తొడల మధ్య టవల్ మడిచి స్క్రోటమ్ (బీజాల సంచి) దాని మీద ఆనేలా పెట్టండి, పెనిస్‌ని పొట్ట మీదకి జరిపి గుడ్డ కప్పండి. జెల్ గోరువెచ్చగా ఉంటే మంచిది, చల్లటిది పోస్తే కండరాలు బిగుసుకుని బీజం పైకి పోతుంది. లీనియర్ ప్రోబ్, 7 నుంచి 15 మెగాహెర్ట్జ్. వాపు మరీ పెద్దదైతే మాత్రం కర్వ్‌డ్ ప్రోబ్ తీసుకోండి.

మొదలుపెట్టేది నొప్పి లేని వైపు నుంచి. ఇది చాలామంది వదిలేస్తారు, కానీ అసలు కిటుకు ఇక్కడే ఉంది. మంచి బీజం మీద కలర్ డాప్లర్ ఆన్ చేసి, ఎంత వేగం ఫ్లోని చూపాలో చెప్పే స్కేల్ సెకనుకి 5 సెంటీమీటర్ల లోపుకి దించి, నెమ్మది ఫ్లోని తీసేసే వాల్ ఫిల్టర్ తగ్గించి, స్క్రీన్ మీద చుక్కలు చుక్కలుగా నాయిస్ వచ్చేదాకా గెయిన్ పెంచి, అక్కణ్ణుంచి కొంచెం వెనక్కి రండి. అక్కడ రక్తం కనిపించిందా, ఇక ఏ నాబ్ ముట్టుకోకుండా అదే సెట్టింగ్‌తో నొప్పి ఉన్న వైపుకి పోవాలి. చిన్నపిల్లల్లో మంచి బీజంలో కూడా ఫ్లో సరిగ్గా దొరకదు, అప్పుడు నెమ్మది ఫ్లోని కూడా పట్టే పవర్ డాప్లర్ పెట్టండి, పోల్చకుండా మాత్రం "ఫ్లో లేదు" అని రాయకండి. రెండు బీజాలూ ఒకే ఫ్రేమ్‌లో పడేలా అడ్డంగా ఒక బొమ్మ తప్పకుండా తీయాలి, గ్రేలో (రంగు లేని మామూలు బొమ్మ) ఒకటి, కలర్‌లో ఒకటి. సర్జన్‌కి ఆ ఒక్క బొమ్మ చూపిస్తే సగం విషయం అర్థమైపోతుంది.

తర్వాత కార్డ్. గజ్జల్లో కార్డ్ బయటికొచ్చే ఇంగ్వైనల్ రింగ్ దగ్గర ప్రోబ్ అడ్డంగా పెట్టి మెల్లగా కిందికి జారుతూ బీజం దాకా రండి. మెలి ఉన్నచోట కార్డ్ గుండ్రంగా చుట్టలు చుట్టుకుని కనిపిస్తుంది, ప్రోబ్ పైకీ కిందికీ కదిపితే సుడి తిరిగినట్టే ఉంటుంది, వర్ల్‌పూల్ సైన్ అనేది అదే. బీజంలో ఇంకా కాస్త రక్తం పారుతున్నా ఈ సుడి కనిపిస్తే అది టార్షనే. పార్షియల్ (పూర్తిగా మెలి పడని) టార్షన్‌లో కలర్ చూసి మోసపోయేది ఇక్కడే, అందుకే ఫ్లోని గ్రాఫ్‌లా గీసే స్పెక్ట్రల్ డాప్లర్ కూడా పెట్టండి: పెద్దవాళ్ళలో మామూలుగా లోపలి ఆర్టరీ ఆర్ఐ (రెసిస్టివ్ ఇండెక్స్, రక్తం పారడానికి ఎంత అడ్డు ఉందో చెప్పే అంకె) 0.5 నుంచి 0.7 మధ్య ఉంటుంది, నొప్పి ఉన్న వైపు అది 0.75 దాటి డయాస్టోల్ (గుండె సడలినప్పటి ఫ్లో) తగ్గిపోయినా, వెనక్కి తిరిగినా అనుమానించాల్సిందే. ఇంకో ఉచ్చు ఏంటంటే మెలి దానంతటదే విడిపోయాక రక్తం ఒక్కసారిగా దూకి బీజం ఎర్రగా వెలుగుతుంది, చూడ్డానికి అచ్చం ఇన్ఫెక్షన్‌లా ఉంటుంది, కానీ కుర్రాడు "ఇప్పుడే నొప్పి తగ్గింది సార్" అంటాడు. అలాంటోణ్ణి యాంటీబయాటిక్ రాసి ఇంటికి పంపకూడదు, సర్జన్ చూడాలి. మొదటి కొన్ని గంటల్లో గ్రే స్కేల్ నార్మల్‌గానే ఉండొచ్చు. బీజం లోపల మచ్చలు మచ్చలుగా, ఎగుడుదిగుడుగా మారిపోయిందంటే బాగా ఆలస్యమైందని.

ఎపిడిడిమైటిస్‌లో (బీజం వెనక చుట్టుకుని ఉండే ఎపిడిడిమిస్ గొట్టానికి వచ్చే ఇన్ఫెక్షన్) కథ వేరు, నొప్పి ఒకట్రెండు రోజులుగా పెరుగుతూ వస్తుంది, జ్వరం, మూత్రంలో మంట ఉండొచ్చు. ఎపిడిడిమిస్ ఉబ్బి, ఎక్కువగా తోక దగ్గర మొదలై, కలర్ పెడితే నిండిపోతుంది, చుట్టూ కాస్త నీరు చేరుతుంది. నీటిలో గోడలు, తేలే చెత్త కనిపిస్తే చీము అనుకోండి. మందులకి తగ్గకుండా వారాల తరబడి సాగుతూ, చర్మానికి రంధ్రం కూడా పడితే మన దగ్గర టీబీ గుర్తు రావాలి. అలాగే గోదావరి జిల్లాల్లాంటి బోదకాలు ఉన్న ప్రాంతాల వాళ్ళకి కార్డ్ పక్కన ఉబ్బిన లింఫ్ గొట్టాల్లో సన్నటి గీతలు ఆగకుండా మెలికలు తిరుగుతూ కనిపిస్తే అవి బతికున్న ఫైలేరియా పురుగులు, దాన్ని ఫైలేరియల్ డ్యాన్స్ అంటారు, వీడియో క్లిప్ సేవ్ చేసుకోండి.

7 నుంచి 14 ఏళ్ళ పిల్లల్లో బీజం మామూలుగా ఉండి, పై కొన దగ్గర రక్తం లేని చిన్న ఉండ, దాని చుట్టూ మాత్రం ఎర్రగా కనిపిస్తే అది బీజం అపెండిక్స్ (బీజం పై కొన దగ్గరుండే చిన్న తోక, కడుపులోది కాదు) మెలి, ఆపరేషన్ అక్కర్లేదు, నొప్పి మాత్రలు, రెస్ట్ చాలు. దెబ్బ తగిలిన కేసుల్లో టునికా (బీజం మీద పొర) తెల్ల గీత ఎక్కడన్నా తెగిందా, బీజం అంచు వంకర పోయిందా చూడండి, అనుమానమున్నా సర్జన్‌కి చెప్పాల్సిందే. దగ్గమన్నప్పుడు గజ్జల్లోంచి ఏదన్నా దిగితే, లోపల పేగు కదులుతుంటే అది హెర్నియా. షుగర్ ఉన్నవాళ్ళకి చర్మం కింద మెరిసే చుక్కలు, వెనక మురికి నీడ ఉంటే అది గ్యాస్, ఫోర్నియర్ గ్యాంగ్రీన్ (ఆ భాగం కణజాలం కుళ్ళిపోయే ప్రాణాంతక ఇన్ఫెక్షన్), కొలతలు తీస్తూ కూర్చోకుండా వెంటనే సర్జన్‌కి ఫోన్ చెయ్యండి.

రిపోర్ట్‌లో నొప్పి ఎన్ని గంటల నుంచో, రెండు వైపులా ఫ్లో ఎలా ఉందో, కార్డ్ పై నుంచి కింద దాకా కనిపించిందా లేదా, ఇవి తప్పకుండా రాయండి. టార్షన్ అయితే టైపింగ్ తర్వాత, ముందు సర్జన్‌కి ఫోన్. ఇన్ఫెక్షన్ అని రాసినా బీజంలో నల్లటి ప్యాచ్ ఉంటే మందుల కోర్సు అయ్యాక మళ్ళీ స్కాన్‌కి రమ్మనండి, ట్యూమర్ కూడా ఒక్కోసారి ఇలా నొప్పితోనే బయటపడుతుంది. అన్నీ నార్మల్‌గా ఉండి నొప్పి మాత్రం విపరీతంగా ఉంటే ప్రోబ్ మార్చి అదే వైపు కిడ్నీ, బ్లాడర్ దగ్గర యూరేటర్ (కిడ్నీ నుంచి మూత్రం తెచ్చే గొట్టం) చివర కూడా చూడండి, కింద ఇరుక్కున్న రాయి నొప్పి చాలాసార్లు బీజంలోకే దిగుతుంది.