కోట గేటు ముందు బండి ఫోటో ఎలా తీయాలి? చాందా కుర్రాళ్ల కోసం

కొత్త బండి కొన్నా, పాత బుల్లెట్‌కి కొత్త రంగు వేయించినా మహారాష్ట్రలోని బల్లార్షా, చాందా (చంద్రపూర్) కుర్రాళ్లు ముందుగా వెళ్లేది చాందా కోట గేటు దగ్గరికే. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాక తర్వాతి పని ఫోటోనే. తీరా చూస్తే పైన మాడిపోయి తెల్లబడ్డ ఆకాశం, వెనకాల ఆటో, మధ్యలో నల్లగా ఏదో బండి. ఫోన్ మంచిది కాదని అనుకుంటారు గానీ, చాలాసార్లు తప్పు వెళ్లిన టైములో, బండి నిలబెట్టిన చోటులో ఉంటుంది.

1. గేటును బట్టి టైము

గోండు రాజుల ఈ కోటకి నాలుగు పెద్ద గేట్లు: ఉత్తరాన జట్పురా, తూర్పున అంచలేశ్వర్, దక్షిణాన పఠాన్‌పురా, పడమర బిన్బా. ఇవి కాక అయిదు చిన్న ద్వారాలున్నాయి, వాటిని ఖిడ్కీలంటారు. ఏ గేటు ఎటు చూస్తుందో తెలిస్తే ఎప్పుడు వెళ్లాలో తెలిసినట్టే. అంచలేశ్వర్ గేటు బయటి వైపు పొద్దున్నే ఎండ పడుతుంది. బిన్బా సాయంత్రానిది. పఠాన్‌పురా మీద చలికాలంలో రోజంతా ఎండ ఉంటుంది కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్లకి అదే నయం.

అందరూ వెళ్లే జట్పురాతోనే చిక్కు. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి నడుస్తాడు, అందుకే ఆ గేటు బయటి వైపు నేరుగా ఎండ తగలదు. రాయి బూడిద రంగులో చప్పగా వస్తుంది. అప్పుడు ఊరి లోపలి నుంచి, అంటే దక్షిణం చూసే వైపు నుంచి తీయండి. బయటి వైపే కావాలంటే మే చివర, జూన్ మొదట్లో వెళ్లాలి. ఆ రోజుల్లో సూర్యుడు ఈశాన్యంలో ఉదయించి వాయవ్యంలో అస్తమిస్తాడు కనుక పొద్దున, సాయంత్రం ఆ ముఖం మీద ఏటవాలుగా ఎండ పడుతుంది. కాకపోతే చాందా ఎండ సంగతి మీకు చెప్పాలా! 45 డిగ్రీలు దాటిన రోజున ఫోన్ వేడెక్కి కెమెరా దానంతటదే ఆగిపోతుంది. పొద్దున ఏడు గంటల్లోపు పని ముగించుకోండి.

రాయి మీద చెక్కడాలు కనబడాలన్నా ఏటవాలు ఎండే కావాలి. ఏనుగును అణచిపట్టిన సింహం గోండు రాజుల గుర్తు. గేటు మీది ఆ శిల్పం నడినెత్తిన ఎండలో అతికించిన బొమ్మలా ఉంటుంది, పక్క నుంచి వెలుగు పడితే కండరాలతో సహా లేచి నిలబడుతుంది.

2. బండి తుడవడం

మన వైపు బండి మీద ఉండేది మామూలు దుమ్ము కాదు, బొగ్గు దుమ్ము. పొడి గుడ్డతో రుద్దితే ట్యాంకు మీద సన్నటి గీతలు పడతాయి, ఆ గీతలన్నీ ఎండలో ఫోటోకెక్కుతాయి. ముందు నీళ్లు పోసి దుమ్ము కారిపోనిచ్చి, ఆ తర్వాత మెత్తటి గుడ్డతో అద్దండి. ఇంట్లో కడిగి తెచ్చినా గేటు దగ్గర ఇంకోసారి తుడవక తప్పదు. టైర్లు నల్లగా కనబడాలంటే తడిగుడ్డ చాలు. నేల తగిలే భాగానికి పాలిష్ గానీ నూనె గానీ పూయకండి, తిరుగు ప్రయాణంలో జారుతుంది. హ్యాండిల్‌కి వేలాడే హెల్మెట్, టిఫిన్ సంచి, సీటు కవరు తీసి పక్కన పెట్టండి.

3. నిలబెట్టడం

డబుల్ స్టాండ్ వేస్తే వెనక చక్రం నేలకి ఆనదు, కింది నుంచి తీసినప్పుడు బండి గాల్లో తేలినట్టుంటుంది. సైడ్ స్టాండే వేసి కుడి వైపు నుంచి తీయండి. స్టాండ్, చైను, చీర గార్డు ఎడమ పక్క దాగిపోతాయి, సైలెన్సర్ కనబడుతుంది. నేల వాలుగా ఉంటే మొదటి గేరులో ఉంచండి. మీరు కుడి ముందు మూలన నిలబడితే హ్యాండిల్‌ను కొంచెం ఎడమకి తిప్పండి. టైరు గాట్లకి బదులు చక్రం ముఖం, స్పోకులతో సహా కెమెరాకి ఎదురవుతుంది.

నా లెక్కలో ఫోటో నిలిచేదీ పోయేదీ ఈ తర్వాతి సంగతి దగ్గరే. గేటు కమాను లోపలంతా చీకటి. నల్ల బండిని సరిగ్గా దాని ముందు పెడితే ట్యాంకు, సీటు ఆ చీకట్లో కలిసిపోయి హెడ్‌లైటు ఒక్కటే మిగులుతుంది. నల్ల బండిని రెండడుగులు పక్కకి జరిపి, ఎండ పడ్డ గోడ దాని వెనక వచ్చేలా చూడండి. తెల్లది, ఎర్రది అయితే కమాను చీకటికి ఎదురుగానే పెట్టండి, అంచు అంచూ తెలుస్తుంది. అద్దాల్లోంచి కరెంటు స్తంభం మొలిచిందేమో కూడా అప్పుడే చూసుకోవాలి.

4. దూరం, ఎత్తు

బండి దగ్గరికి వెళ్లి వైడ్ లెన్స్‌తో తీస్తే ముందు చక్రం ఉబ్బి, గేటు పిట్టగోడంత అవుతుంది. బండిని గేటుకి పది పదిహేను అడుగులు ఇవతల ఆపి, మీరు ఇంకా బాగా వెనక్కి వచ్చి ఫోన్‌లో రెండింతలు జూమ్ చేయండి. అప్పుడు గేటు బండి వెనక కొండలా లేస్తుంది. కెమెరా ఉన్నవాళ్లకి 50 నుంచి 85 మిల్లీమీటర్ల లెన్స్, ఎఫ్ 4 లేదా 5.6 అపర్చర్ (లెన్స్ తెరుచుకునే కొలత, అంకె తగ్గేకొద్దీ వెనకాల మసకవుతుంది) సరిపోతుంది. ఎఫ్ 1.8 పెట్టి గేటును పూర్తిగా మసక చేయాలంటే అంత దూరం పోవడం దేనికి? ఇంటి గోడ ముందే తీసుకోవచ్చు.

గొంతుక్కూర్చుని ఫోన్‌ను ట్యాంకు ఎత్తులో పట్టుకోండి. గేటు పైభాగం అందడం లేదని ఫోన్ పైకి వంచితే గోడలు వెనక్కి వాలిపోతాయి. ఫోన్ నిటారుగానే ఉంచి ఇంకో నాలుగు అడుగులు వెనక్కి జరగండి, కింద ఎక్కువైన రోడ్డును తర్వాత కత్తిరించుకోవచ్చు. వెనకాల మసక చేసే పోర్ట్రెయిట్ మోడ్ మాత్రం వద్దు, బ్రేక్ లీవరుని, స్పోకులని సగం సగం చెరిపేస్తుంది.

ట్యాంకు మీద వేలు నొక్కి ఫోకస్ లాక్ చేసి, వెలుగు కాస్త తగ్గించండి. ఆకాశం మాడిపోదు. క్రోమ్ ఉన్న బండి అద్దంతో సమానం, పసుపు చొక్కా వేసుకుంటే హెడ్‌లైటు గిన్నెలో మీరే కనబడతారు. ముదురు రంగు బట్టలతో వెళ్లండి.

5. జనం, అనుమతి

జట్పురా గేటు కింద ట్రాఫిక్ ఆగదు. ఆదివారం తెల్లవారుజామున తీయండి, అదీ రోడ్డు పక్కన. కమాను లోపల బండి ఆపకండి. అటూ ఇటూ చూసుకోవడానికి ఒక స్నేహితుడుంటే మంచిది. "భావూ, ఏక్ మినిట్" (అన్నా, ఒక్క నిమిషం) అని మరాఠీలో నవ్వుతూ అంటే సైకిలాయన కూడా ఆగుతాడు. రద్దీ పడనివాళ్లు విఠోబా ఖిడ్కీ వైపో, బగడ్ ఖిడ్కీ వైపో వెళ్లి చూడొచ్చు.

కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ట్రైపాడ్‌కి, డ్రోన్‌కి ముందుగా అనుమతి తీసుకోవాలి. గోండు రాజైన భర్త బీర్‌షా కోసం రాణి హిరాయి కట్టించిన సమాధి అంచలేశ్వర్ గేటు దగ్గరే ఉంది, గుమ్మటం చూస్తే బండి లోపలికి తోలాలనిపిస్తుంది. ఆవరణలోకి తేవద్దు, గోడ బయటి నుంచి గుమ్మటం కలిసేలా తీసుకోండి. బొగ్గు గనులు, థర్మల్ కేంద్రం గేట్ల దగ్గర మాత్రం కెమెరా తీయకండి, సెక్యూరిటీతో లేనిపోని టెన్షన్.

బండి కదిపే ముందే నీడకి వెళ్లి ఫోటోలు పెద్దవి చేసి చూసుకోండి. హెడ్‌లైటు, ట్యాంకు మీది పేరు స్పష్టంగా లేకపోతే ఎండ ఉండగానే ఇంకోటి తీయొచ్చు. గ్రూపులో పెట్టేముందు నంబరు ప్లేటు చెరిపేయండి.