డిజిటల్ పాఠ్యసామగ్రి, కాపీరైటు – మూడవ పాఠం: హక్కుల పట్టిక రాయడం

మొదటి పాఠంలో కాపీరైటు ఎవరికి పుడుతుందో, రెండవ పాఠంలో అది ఎంతకాలం నిలుస్తుందో తెలుసుకున్నాం. ఈ పాఠంలో ఒక పని నేర్చుకుంటాం. ఒక యూనిట్‌కు చెందిన డిజిటల్ సామగ్రినంతటినీ ముందు పెట్టుకొని, అందులోని ఒక్కొక్క అంశం ఏ ఆధారంతో మన పాఠంలోకి వచ్చిందో, ఆ ఆధారం ఎంతవరకు చెల్లుతుందో పట్టికగా రాయడమే ఆ పని. దీనికి ఒక స్ప్రెడ్‌షీటు, ఒక పూట తీరిక చాలు. న్యాయశాస్త్రం చదివి ఉండనక్కరలేదు.

అధ్యాపకులు తరచుగా అడిగే ప్రశ్న "ఇది వాడుకోవచ్చా?" అన్నది. ఎక్కడ వాడతారో చెప్పకుండా అడిగినంతకాలం ఆ ప్రశ్నకు ఎవరూ సరైన జవాబు ఇవ్వలేరు. తరగతిలో తెర మీద చూపడానికి చెల్లిన ఆధారం, అదే పాఠాన్ని యూట్యూబ్‌లో పెట్టిన నాడు చెల్లకపోవచ్చు. నేను పనిచేసిన ఒక చోట సెమిస్టరు మొత్తం పాఠాలను మా విద్యార్థుల కోసమే రికార్డు చేసి, తరువాత వాటిని అందరికీ అందుబాటులో ఉంచాలని తీర్మానించారు. ఏ బొమ్మ ఎక్కడి నుంచి తెచ్చామో ఎవరూ రాసి పెట్టుకోలేదు కనుక వేసవి సెలవులన్నీ స్లైడు వెంట స్లైడు తిరగవేయడంతోనే గడిచిపోయాయి. పట్టిక ముందే ఉంటే అది రెండు రోజుల పని.

ఉదాహరణకు ఎం.ఏ. తెలుగులో ఆధునిక కవిత్వం యూనిట్ తీసుకుందాం. అందులో గురజాడ అప్పారావు గేయం ఒకటి, ఆ గేయానికి ఇటీవలి ముద్రణలో ఒక సంపాదకుడు రాసిన వివరణలు, శ్రీశ్రీ కవితలు రెండు, కాల్పనికోద్యమం మీద ఒక ఆంగ్ల వ్యాసానికి మీరే చేసుకున్న తెలుగు అనువాదం, ఒక పత్రికా వ్యాసం పీడీఎఫ్, విజయనగరంలోని గురజాడ ఇంటి ఫొటో, నాలుగు నిమిషాల సినిమా దృశ్యం ఉన్నాయనుకోండి. పట్టికలో ఒక్కొక్కదానికి ఒక వరుస కేటాయించండి. నిలువు గడులు అయిదు: అంశం, హక్కుదారు, ఆధారం, ఎక్కడి దాకా చెల్లుతుంది, రుజువు. చివరి గడిలో లైసెన్సు పేజీ చిరునామా, దానిని చూసిన తేదీ, అనుమతి లేఖ ప్రతి వంటివి ఉండాలి. ఆధారం అన్న గడిలో మూడింటిలో ఒకటే రాయగలం: కాపీరైటు గడువు తీరిపోవడం, చట్టం ఇచ్చిన మినహాయింపు, హక్కుదారు ఇచ్చిన లైసెన్సు. మీ సొంత రచన అయితే అలాగే రాయండి. "గూగుల్‌లో దొరికింది" అన్నది ఆధారం కాదు. స్లైడు అడుగున "విద్యాప్రయోజనాల కోసం మాత్రమే" అని చిన్న అక్షరాలతో వేసే వాక్యమూ ఆధారం కాదు. అది లేని హక్కును తెచ్చిపెట్టదు.

గడువు తీరినవాటిని ముందుగా పక్కన పెట్టేద్దాం. గురజాడ 1915లో మరణించారు కనుక ఆయన గేయం పబ్లిక్ డొమైన్‌లో (ఎవరి కాపీరైటూ లేని స్థితిలో) ఉంది, ఎక్కడైనా పెట్టవచ్చు. అయితే సంపాదకుని వివరణలు, పీఠిక ఆ సంపాదకుని సొంత రచనలు. వాటి గడువు వేరుగా నడుస్తుంది. కాబట్టి కొత్త ముద్రణలోని పేజీని స్కాన్ చేసి పెట్టడం కంటే, గేయపాఠాన్ని మాత్రం టైపు చేసుకోవడం క్షేమం. శ్రీశ్రీ 1983లో మరణించారు. మన చట్టం ప్రకారం గడువు కవి మరణించిన మరుసటి సంవత్సరం మొదటి నుంచి అరవై ఏళ్లు కనుక ఆయన కవితలకు 2043 డిసెంబరు 31 వరకు కాపీరైటు ఉంటుంది. అంటే వాటికి మరో ఆధారం వెతకాలి.

ఇక్కడ 1957 నాటి కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్ మనకు ఆసరా. బోధనా క్రమంలో అధ్యాపకుడు గాని విద్యార్థి గాని ఒక కృతికి ప్రతి తీసుకోవడం, దానిని ప్రశ్నపత్రంలోనో జవాబులోనో చేర్చడం ఉల్లంఘన కాదని ఆ సెక్షన్‌లోని (1)(i) చెబుతుంది. బోధనా క్రమం అంటే గంట మోగిన తరువాత తరగతిలో గడిచే యాభై నిమిషాలేనా, సెమిస్టరు మొత్తమా అన్న ప్రశ్న ఢిల్లీ విశ్వవిద్యాలయం కేసులో తేలింది. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలోని ఒక జిరాక్స్ దుకాణం సిలబస్‌లోని పుస్తకాల భాగాలను కలిపి కోర్సు ప్యాకులుగా అమ్మేది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాల ప్రచురణ సంస్థలు, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ 2012లో ఆ దుకాణం మీద, విశ్వవిద్యాలయం మీద దావా వేశాయి. 2016 సెప్టెంబరు 16న ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం దావాను కొట్టివేసింది. అదే ఏడాది డిసెంబరు 9న ద్విసభ్య ధర్మాసనం ఆ తీర్పులోని ప్రధానాంశాన్ని నిలబెట్టింది. ఎన్ని పేజీలు తీసుకున్నారన్న లెక్క ముఖ్యం కాదని, ఆ భాగం బోధనకు అవసరమా కాదా అన్నదే కొలమానమని అది తేల్చి, ఆ అవసరం నిజంగా ఉందా అన్న విషయాన్ని విచారణకు పంపింది. 2017 మార్చిలో ప్రచురణకర్తలు దావా ఉపసంహరించుకున్నారు. ఫొటోకాపీ హక్కులకు లైసెన్సులు ఇచ్చే సంస్థ చేసుకున్న అప్పీలు విన్నపాన్ని సుప్రీంకోర్టు ఆ మే నెలలో తోసిపుచ్చింది.

ఈ తీర్పును మా అధ్యాపకులలో చాలామంది ఉన్నదానికంటే పెద్దదిగా చదువుతారు. ఆ కేసు కాగితం ప్రతుల గురించినది. ఆ ప్రతులు చేరింది ఆ కోర్సు విద్యార్థులకు. మినహాయింపు వాక్యం కూడా ప్రతి తీయడం గురించే మాట్లాడుతుంది. ఒక కృతిని ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి ఉంచడం చట్టంలో ప్రతి తీయడం ఒక్కటే కాదు, ప్రజలకు అందజేయడం అన్న మరొక హక్కు కూడా అందులో కలుస్తుంది. కనుక నా సలహా ఇది. శ్రీశ్రీ కవితలను మూడల్, గూగుల్ క్లాస్‌రూం వంటి ఆన్‌లైన్ తరగతి వేదికలో, ఆ కోర్సులో చేరినవారికి మాత్రమే పాస్‌వర్డుతో తెరుచుకునేలా, సెమిస్టరు పూర్తికాగానే మూసివేసేలా పెడితే మినహాయింపు తీరుకు దగ్గరగా ఉంటారు. పట్టికలో "ఎక్కడి దాకా" గడిలో "పాస్‌వర్డు ఉన్న కోర్సు" అని రాయండి. బహిరంగ వీడియోలో అవే కవితలు పూర్తిగా తెర మీద ఉంచాలంటే వారసుల నుంచో ప్రచురణకర్త నుంచో అనుమతి కావాలి. అయితే ఆ వీడియోలో రెండు పాదాలను ఉటంకించి వాటి మీద విమర్శ చేస్తే అది వేరే మార్గం. విమర్శకు, సమీక్షకు న్యాయసమ్మతంగా వాడుకునే వెసులుబాటు 52(1)(a)లో ఉంది. అక్కడ కవి పేరు, కృతి పేరు చెప్పడం మరవకూడదు.

సినిమా దృశ్యానికి 52(1)(j) వర్తిస్తుంది. విద్యాసంస్థ కార్యకలాపాలలో భాగంగా సిబ్బంది, విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, సంస్థతో సంబంధం ఉన్నవారు మాత్రమే ప్రేక్షకులుగా సినిమా ప్రదర్శించవచ్చు. తరగతిలో చూపండి, రికార్డింగులో ఆ నాలుగు నిమిషాలు కత్తిరించండి.

పత్రికా వ్యాసం పీడీఎఫ్ సంగతి త్వరగా తేలుతుంది. గ్రంథాలయం చందా ద్వారా వచ్చిన వ్యాసాలకు చట్టంతో పాటు చందా ఒప్పందం కూడా వర్తిస్తుంది. 2025 జనవరి 1 నుంచి ప్రభుత్వ విద్యాసంస్థలకు అమలులోకి వచ్చిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకంలో 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పరిశోధన పత్రికలు అందుతున్నాయి. పీడీఎఫ్‌ను దింపి మళ్లీ ఎక్కించవలసిన పని లేదు. లింకు ఇస్తే విద్యార్థి తన ఖాతాతోనే తెరుచుకుంటాడు. లింకు ఇవ్వడం ప్రతి తీయడం కాదు కనుక ఆ వరుసలో చిక్కే లేదు.

అసలు చిక్కు అనువాదం దగ్గర ఉంది. మన తెలుగు పాఠ్యసామగ్రిలో చాలా భాగం ఆంగ్లం నుంచి తెచ్చుకున్నదే, కానీ అనువదించడం కూడా మూల రచయిత హక్కులలో ఒకటని మనం మరచిపోతుంటాం. అనువాదం మీద మీకు కాపీరైటు ఉండవచ్చు గాని, మూలకర్త అనుమతి లేనిదే దానిని ప్రచురించే స్వేచ్ఛ మీకు ఉండదు. అందువల్ల అనువదించబోయే వ్యాసం కింద ఏ లైసెన్సు ఉందో మొదటి వాక్యం రాయకముందే చూడాలి. కొన్ని షరతులతో తన కృతిని అందరూ వాడుకోవచ్చని హక్కుదారు ముందే ప్రకటించే క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్సులు ఆరు ఉన్నాయి. ఇప్పుడు ఎక్కువగా కనిపించే 4.0 రూపం 2013లో వచ్చింది. వాటి పేర్లలోని పొడి అక్షరాలను ఇలా చదవండి. బీవై అంటే కర్త పేరు చెప్పాలి. ఇది ఆరింటిలోనూ ఉంటుంది. ఎస్ఏ అంటే మీరు మార్చి ప్రచురిస్తే ఆ కొత్త రూపాన్ని కూడా అదే లైసెన్సు కింద వదలాలి. ఎన్‌సీ అంటే ప్రధానంగా వ్యాపార లాభం కోసం వాడరాదు. ఎన్‌డీ అంటే మార్చిన రూపాన్ని పంచకూడదు. అనువాదం కూడా మార్పు కిందికే వస్తుంది కనుక ఎన్‌డీ ఉన్న వ్యాసానికి మీ తెలుగు అనువాదం ఎంత గొప్పగా ఉన్నా ఆ లైసెన్సు ఆధారంగా దానిని బయట పెట్టలేరు.

ఎస్ఏ గురించి మరొక్క మాట. తెలుగు వికీపీడియా పాఠం సీసీ బీవై ఎస్ఏ 4.0 కింద ఉంటుంది. దాని నుంచి రెండు పేరాలు తీసుకొని, సీసీ బీవై ఎన్‌సీ ఎస్ఏ కింద ఉన్న మరొక పాఠంతో కలిపి ఒకే వ్యాసంగా అల్లితే, కొత్త వ్యాసం తన కిందనే ఉండాలని రెండు లైసెన్సులలో ప్రతి ఒక్కటీ కోరుతుంది. రెండింటినీ ఒకేసారి మన్నించడం కుదరదు. అవే రెండింటిని అల్లకుండా ఒకే సంకలనంలో వేరు వేరు పుటలుగా, దేని లైసెన్సు దాని కింద చూపిస్తూ ఉంచితే ఇబ్బంది లేదు. రుసుము తీసుకొని నడిపే దూరవిద్యా కోర్సులో ఎన్‌సీ సామగ్రి వాడవచ్చునా అన్నది తెగని వాదన. నేనైతే అటువంటి కోర్సులలో ఎన్‌సీ ఉన్నవాటిని పక్కన పెట్టి, బీవై, బీవై ఎస్ఏ ఉన్నవే వెతుకుతాను.

గురజాడ ఇంటి ఫొటోకు మొదటి హక్కుదారు సాధారణంగా ఫొటో తీసిన వ్యక్తి. ఆ ఇల్లు ఎవరిదన్నదీ, ఫొటో కనిపించిన వెబ్‌సైటు ఎవరిదన్నదీ ఇక్కడ లెక్కలోకి రావు. స్వేచ్ఛా లైసెన్సుల బొమ్మల భాండాగారమైన వికీమీడియా కామన్స్‌లో దొరికితే ఆ బొమ్మ పేజీలోనే లైసెన్సు ఉంటుంది, ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్కటి. దాని కింద రాయవలసిన వరుస ఇలా ఉండాలి: బొమ్మ పేరు, తీసినవారి పేరు, మూలం లింకు, లైసెన్సు పేరు, లింకు, అంచులు కత్తిరించి ఉంటే ఆ మాట కూడా. పేరు రాయడం మరచిపోతే లైసెన్సు రద్దవుతుంది, అయితే 4.0లో పొరపాటు తెలిసిన 30 రోజులలోగా సరిదిద్దితే దానంతట అదే తిరిగి అమలులోకి వస్తుంది. మీరే విజయనగరం వెళ్లి ఫోనుతో ఒక ఫొటో తీసుకురాగలిగితే ఇవేవీ అక్కరలేదు.

ఇక అనుమతి కోరవలసిన వరుసలు మిగిలాయి. లైసెన్సు లిఖితపూర్వకంగా ఉండాలని 30వ సెక్షన్ చెబుతుంది. ఫోనులో "అలాగే వాడుకోండి సార్" అన్న మాటతో ఆగిపోకండి. ఇంకొక సూక్ష్మం ఉంది. లేఖలో కాలం రాయకపోతే అయిదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ చట్టం భావిస్తుంది. మీ ఆన్‌లైన్ కోర్సులో అమెరికాలోని తెలుగు విద్యార్థులు చేరే అవకాశం ఉంటే ఈ రెండో అంశం మీకు నేరుగా తగులుతుంది. లేఖ నమూనా ఇది:

"మీ ప్రచురణలోని ఫలానా కవితలను (పుటలు ఇన్ని) మా విశ్వవిద్యాలయం ఎం.ఏ. తెలుగు ఆన్‌లైన్ కోర్సులో పాఠం రూపంలోను, వీడియోలో తెర మీద చూపే రూపంలోను ఉంచడానికి, ప్రపంచంలోని అన్ని దేశాల విద్యార్థులకు, పదేళ్ల కాలానికి, ప్రత్యేక హక్కు కాని (మీరు ఇతరులకూ ఇవ్వగల) లైసెన్సు కోరుతున్నాము. కవి పేరు, ప్రచురణ వివరాలు ప్రతిచోటా ముద్రిస్తాము. దీనికి రుసుము ఉంటే దయచేసి తెలియజేయగలరు."

రుసుము అడిగితే ఆ వరుసలో "చర్చలో ఉంది" అని రాసి, జవాబు వచ్చేదాకా బహిరంగ పాఠం నుంచి ఆ కవితలను తీసి ఉంచండి. జవాబు రాకపోవడం అనుమతి కాదు.

అభ్యాసం: మీరు గత సెమిస్టరులో బోధించిన ఒక యూనిట్ స్లైడ్లు తెరిచి, మొదటి పది అంశాలకు పట్టిక నింపండి. ప్రతి వరుసలోనూ "ఎక్కడి దాకా" గడిని తరగతి, పాస్‌వర్డు ఉన్న కోర్సు, బహిరంగ వెబ్ అన్న మూడు మాటలలో ఒకదానితోనే నింపండి. ఏ ఆధారమూ దొరకని వరుసలను ఎర్ర రంగుతో గుర్తించి, వాటికి బదులుగా బీవై లేదా బీవై ఎస్ఏ కింద ఉన్నవి వెతకండి. నాలుగవ పాఠంలో ఈ పట్టికతోనే, మీ సొంత పాఠానికి ఏ లైసెన్సు పెట్టుకోగలరో చూద్దాం. అప్పటికి ఎర్ర వరుసలు మిగలకుండా చూసుకోండి.