నడుం నొప్పికి కోర్ వ్యాయామం: చాప మీద పావుగంట

సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో గంటన్నర కూర్చుని నడుం పట్టేశాక, రాత్రి పీజీ గదిలో ఫోన్ చూస్తూ రెండు నిమిషాల ప్లాంక్‌కు (ముంజేతులు, కాలివేళ్ల మీద ఒంటిని కర్రలా నిలిపి ఉంచడం) దిగడం బెంగళూరులో మామూలే. మర్నాడు పొద్దున మంచం దిగడానికే కష్టమవుతుంది. తప్పు ప్లాంక్‌ది కాదు. పొట్ట, నడుం చుట్టూ ఉండే కండ (అదే కోర్) అలిసిపోయాక పొట్ట కిందికి జారుతుంది, ఆ బరువంతా వెన్నుపూసల మీద పడుతుంది. నొప్పి ఉన్న నడుముకు కావలసింది బలం కంటే ముందు ఓపిక: కొద్దిపాటి బిగువును ఎక్కువసార్లు పట్టి ఉంచగలగడం.

మొదలుపెట్టే ముందు ఒక మాట. మూత్రం ఆగకపోయినా, అసలు రాకపోయినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా అదే పూట ఎమర్జెన్సీకి వెళ్లాలి. పాదం పైకి లేవకపోయినా ఆలస్యం చేయకండి. కింద పడ్డాక మొదలైన నొప్పి, జ్వరంతో వచ్చిన నొప్పి అయితే ముందు డాక్టరుకు చూపించాలి.

నిద్ర లేవగానే చేయొద్దు. రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండే డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, అప్పుడు వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. గంటైనా ఆగండి. పరుపు మీద వద్దు, అది కుంగుతుంది. గచ్చు మీద చాప, దానిపైన రెండు మడతల దుప్పటి చాలు.

ముందు బిగువు నేర్చుకోవాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, బొటనవేళ్లతో రెండు డొక్కలూ నొక్కి చిన్నగా దగ్గండి. వేళ్ల కింద గట్టిపడింది చూశారా, ఆ కండే. ఇప్పుడు దగ్గకుండా దాన్ని బిగించండి, పూర్తి బలంలో పావు వంతు చాలు. పొట్ట లోపలికి లాగొద్దు, ఊపిరి బిగబట్టొద్దు. బిగువు వదలకుండా పది అంకెలు పైకి లెక్కపెట్టగలిగితే పట్టు దొరికినట్టే.

తర్వాత బర్డ్ డాగ్. పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని గుర్రం ఆడించేటప్పుడు వంగినట్టు వంగండి. చేతులు భుజాల కింద, మోకాళ్లు తుంటి కింద ఉండాలి. డొక్క బిగించి, కుడి కాలు వెనక్కీ ఎడమ చెయ్యి ముందుకీ చాచండి. పది సెకన్లు ఆగి దించండి. ఒక్కో వైపు మొదట ఐదుసార్లు, కాస్త ఆగి మూడు, చివర ఒకటి. కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీలో వెన్నెముక మీద పరిశోధన చేసిన స్టువర్ట్ మెక్‌గిల్ చెప్పే పద్ధతి ఇదే: సెకన్లు పెంచొద్దు, సార్లు పెంచండి.

ఇందులో తప్పు దొర్లేది కాలి దగ్గరే. నడుం మీద సగం నీళ్లు పోసిన ప్లాస్టిక్ గిన్నె పెట్టి చూడండి. కుడి కాలు లేపినప్పుడు నీళ్లు ఎడమకు ఒలికితే కుడి తుంటి కూడా లేచిందన్నమాట. కాలిని వీపు కంటే ఎత్తుకు లేపినా నడుం లోపలికి వంగిపోతుంది, గిన్నె ముందుకు వాలుతుంది. మడమతో వెనక గోడను తోస్తున్నట్టు కాలిని చాచండి, ఎత్తు గురించి ఆలోచించొద్దు. అయినా ఒలుకుతుంటే చేతులు నేల మీదే ఉంచి, పాదాన్ని చాప మీద వెనక్కి జార్చడంతో సరిపెట్టండి. దుప్పటి తడిస్తే తడవనివ్వండి.

సైడ్ ప్లాంక్, అంటే ఒక పక్కకు పడుకుని మోచేతి ఆనుతో తుంటి పైకి లేపి ఉంచడం, మోకాళ్ల మీదే మొదలుపెట్టాలి. మోచెయ్యి సరిగ్గా భుజం కింద ఉండాలి, ముందుకు పెడితే భుజం నొస్తుంది. లెక్క పైన చెప్పినదే. కర్ల్ అప్‌లో వెల్లకిలా పడుకుని, ఒక మోకాలు మడిచి, నడుం కింది ఖాళీలో రెండు అరచేతులూ పెట్టి, తల, భుజాలు ఒక్క అంగుళం మాత్రం లేపండి. మెడ వంచొద్దు. జిమ్‌లో చేసే సిట్ అప్స్‌కు దీనికి పోలికే లేదు. వాటిని ప్రస్తుతానికి మానేయడమే మంచిది.

చేస్తున్నప్పుడు కండ లాగినట్టుంటే ఫర్వాలేదు. నొప్పి కాలిలోకి దిగుతుంటే ఆపేయండి. మర్నాటికి నొప్పి పెరిగితే సార్లు సగానికి తగ్గించండి.

ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ ఎత్తేటప్పుడూ ఇదే బిగువు వాడాలి. క్యాన్‌ను ఒంటికి ఆనించుకుని, మోకాళ్లు వంచి, డొక్క బిగించాకే లేపండి. డిస్పెన్సర్ మీద పెట్టేటప్పుడు నడుం తిప్పకుండా పాదాలు తిప్పండి.