నది ఒడ్డున వండుకు తినే సెలవులకి

నది పక్క చిన్న ఊళ్లో వంటగదున్న ఇల్లు తీసుకుంటే, మొదటి రాత్రి భోజనానికి సరుకులు వెంట తీసుకెళ్లండి. అలాంటి ఊళ్లలో కొట్లు పెందలాడే కట్టేస్తారు. అద్దె ఇళ్లలో కత్తులు దాదాపు ఎప్పుడూ మొండివే. పదునున్నది ఒకటి అట్టలో చుట్టి పెట్టెలో పడేయండి (విమానమైతే చేతిసంచిలో మాత్రం వద్దు). లైటర్ (విమానమైతే వద్దు), గిన్నెలు తోమే పీచు కూడా.

బట్టలు సర్దకముందే, ఇంటివాళ్లు అక్కడుండగానే, స్టవ్ బర్నర్లన్నీ వెలిగించి చూడండి. నీటి పక్కన తేమకి ఉప్పు గడ్డకడుతుంది: బిగుతు మూత డబ్బాలో పది బియ్యపు గింజలు వేసి పెట్టండి. తువ్వాళ్లు రాత్రి బయట వదిలేస్తే మంచుకి తెల్లారేసరికి మళ్లీ తడే. పొద్దుగూకకముందే కిటికీలు మూసి, ఆ తర్వాతే లైటు వేయండి. వరస మారిందా, పురుగులన్నీ కూరలోనే.